చీపురు సీను

మా బస్తీలో నన్ను మూడు రకాలుగా పిలుస్తరు. బడి పిల్లలు టీచర్ అంటరు. డప్పు, మర్ఫా కొట్టే పోరగాళ్లు డైరెక్టర్ మేడం అంటరు, అందులో సగం మర్యాద, సగం ఎక్కిరింత. ముసలోళ్లకు మాత్రం నేను ఇప్పటికీ ‘రోడ్లూడ్చేదాని బిడ్డ’నే. మొదటి రెండు పేర్లు నేను సంపాయించుకున్నవి. మూడోది పుట్టుకతోనే వచ్చింది. నాటకాల గురించి రాయమంటే రెండో పేరు గురించి రాద్దామనే కూసున్న. కాని రాస్తుంటే మూడోది ప్రతి వాక్యంలోకీ వచ్చి కూసుంటున్నది.

ఉప్పుగూడ స్టేషన్ పట్టాలకు ఇవతల మా బస్తీ. మా అమ్మా నాయినా నల్లగొండ జిల్లా నుంచి కరువుకు తాళలేక పట్నం వచ్చిన మాదిగోళ్లు. నాయిన లాడ్ బజార్ వెనక గోడౌన్లల్ల హమాలీ పని చేసిండు. అమ్మ కాంట్రాక్టు కింద పాతబస్తీ రోడ్లు ఊడ్చింది, ఇరవై ఆరేండ్లు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. 2012 డీఎస్సీలో టీచరు నౌకరి వచ్చింది.

డైరెక్టరంటే కుర్చీలో కూసోని చెయ్యి ఊపేటోడని సినిమాలు చూసి అనుకునేదాన్ని. నా డైరెక్షన్ తెల్లారి నల్లా దగ్గర మొదలైతది. బిందెల లైన్లో నిలబడి ఎవరి అమ్మకు రాత్రి డ్యూటీ పడ్డది, ఎవరి నాయిన తాగొచ్చి లొల్లి చేసిండు, ఏ పిల్ల పెద్దమనిషి అయింది తెలుసుకుంట. ఆ సంగతులు తెలియకపోతే ఆ సాయంత్రం రిహార్సల్‌కు ఎవరొస్తరో ఎవరు రారో నాకు తెలువది. తొమ్మిదింటికి బడి. హాజరు, కోడిగుడ్ల లెక్క, పై ఆఫీసు అడిగిన కాగితాలు, ఎలక్షన్లొస్తే ఓటరు లిస్టులు, వీటి మధ్యల పాఠం. బడి విడిచినంక కమ్యూనిటీ హాలు తాళంచెవి కోసం పెద్దమనిషి ఇంటి ముందు నిలబడుడు. ఆయన మంచిగనే మాట్లాడుతడు గని తాళం తొందరగ ఇయ్యడు. పెండ్లిళ్ల సీజన్ అయితే హాలు దొరకదు, స్టేషన్ గోడ పక్కన రేకుల కింద చేసుకుంటం. రైలు వచ్చినప్పుడల్లా డైలాగు ఆపాలె. మా పిల్లలకు అది ఎంత అలవాటైందంటే, స్టేజీ మీద కూడా నడుమ నడుమ ఆగుతరు. చూసేటోళ్లు అది నా గొప్పతనమనుకుంటరు.

బట్టలకు పత్థర్‌గట్టి వెనక గల్లీల్లో మిగిలిన జరీ ముక్కలు అగ్గువకు దొరుకుతయి. లైట్లు పెండ్లి డెకరేషనోళ్లయి. సామాను మోసేది మా ఆయన ఆటో. ఆయనకు నాటకం పిచ్చి లేదు, కాని కిరాయి అడగడు. నెల జీతంలో ఎంత ఇట్ల పోతదో నేనెప్పుడూ లెక్క రాయలే. రాస్తే ఇంట్లో కొట్లాట అయితది.

సినిమా పిచ్చి లేని డైరెక్టర్ ఉంటడంటే నేను నమ్మను. నా పిచ్చి యాకుత్‌పురాలోని యాకుత్ మహల్ టాకీసులో మొదలైంది. నా చిన్నప్పుడు అక్కడ పాత హిందీ సినిమాలు మళ్లీ మళ్లీ ఆడేవి. మా నాయినకు ‘కూలీ’ అంటే పానం. 1983 సినిమా అది. అమితాబ్ చేతికి 786 బిల్ల, ఎర్ర అంగి, నెత్తి మీద మూటలు. హమాలీ పని చేసేటోడు తెర మీద హీరో అయితే, చూసే హమాలీ కుర్చీలో ఎట్ల నిటారుగ కూసుంటడో నేను తెర మీద కాదు, మా నాయిన పక్కన కూసోని చూసిన. తర్వాత 1997లో ‘ఒసేయ్ రాములమ్మ’. నాకు తొమ్మిదేండ్లు. అమ్మ ఎన్నడూ సినిమాకు పోయే మనిషి కాదు. ఆ ఒక్క సినిమాకు వాడకట్టు ఆడోళ్లందర్నీ జమచేసుకుని పోయింది. విజయశాంతి తిరగబడ్డప్పుడు మా వరుసలో ఉన్న ఆడోళ్లు ఏడ్చుకుంటనే ఈల వేసిన్రు. ఆ సినిమాలో దొరల పెత్తనం గురించి చెప్పిన తీరు మీద ఇప్పుడు నాకు చానా పేచీలున్నయి. ఆ ఈల మీద మాత్రం లేదు.

2005లో ‘ది అంగ్రేజ్’ వచ్చింది. చార్మినార్ దగ్గర కూసునే ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకు. పాతబస్తీ దక్కనీ ముచ్చట అట్లనే తెర మీదికి ఎక్కింది. ఇస్మాయిల్ భాయ్ వేసిన ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ నాటకరంగం నుంచి వచ్చినాయనే. నగరం అంతా నవ్వింది. నాకు నవ్వుతోపాటు ధైర్యం వచ్చింది. అప్పటిదాకా స్టేజీ అంటే గుంటూరు, కృష్ణా మాటలేననుకున్న. ‘హౌ’, ‘నక్కో’ అనే మాటలు కూడా డైలాగులేనని ఆ సినిమా చెప్పింది. కొన్నేండ్లకు నేనొక పోటీకి నాటకం తీసుకపోతే, పిల్లలు బాగ చేసిన్రు గని భాష శుభ్రంగా లేదని జడ్జి ఒకాయన అన్నడు. శుభ్రం! మేము ఊడ్చి శుభ్రం చేసిన రోడ్ల మీదికెళ్లే ఆయన కారు వచ్చింది.

నాటకం మాత్రం నేను సురభి దగ్గర చూసి నేర్చుకున్న. 2006లో డిగ్రీ మొదటి ఏడాది. పబ్లిక్ గార్డెన్స్ లలితకళాతోరణంలో సురభి వాళ్ల ‘మాయాబజార్’. ఘటోత్కచుని నోట్లెకు లడ్లు ఎగిరిపోతుంటే నోరు తెరిచి చూసిన. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయిన్నో. మొదట్ల మాయల కోసమే పోయేదాన్ని, తర్వాత తెర పక్కన తాడు గుంజేటోళ్లను చూడనీకి పోయిన. కృష్ణుడి వేషమేసినాయనే సీను అయిపోంగనే తెర గుంజుతడు. పిల్లలు, కోడండ్లు, ముసలోళ్లు అందరూ నటులే, అందరూ కూలీలే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబాలవి. అంతకు ముందు వాళ్లు తోలుబొమ్మలాడించుకుంట మరాఠా దేశం నుంచి వచ్చిన ఆరె మరాఠీలు. తోలు పనిచేసే మనల్ని ముట్టనోళ్లు, తోలు మీద గీసిన రామునికి ఎట్ల మొక్కిన్రో నాకిప్పటికీ అర్థం కాదు.

పట్నంలో సురభి అంటే రేకందార్ నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అనే ఆయన. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని ఆయన నడిపిండు. 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో పోయిండు. టీవీలు, ఫోన్లు వచ్చినంక కూడా అంత పెద్ద సంసారాన్ని నాటకం మీదనే నిలబెట్టుడు అంటే అది డైరెక్షన్ ఒక్కటే కాదు. తొంభైలల్ల బి.వి. కారంత్ వచ్చి వాళ్లతోని ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆడించిండు. బ్రెహ్ట్ రాసిన సెజువాన్ మంచి మనిషి కథ అది. భూమ్మీద ఒక్క మంచి మనిషన్నా ఉన్నదా అని దేవుళ్లు వెతుక్కుంట వస్తే, ఒళ్లమ్ముకునే ఆడామె తప్ప ఎవరూ వాళ్లకు ఇంత చోటియ్యరు. దాన్ని నేను చూడలే, వినుడే. అయినా ఆ పేరు నన్ను పట్టుకున్నది. కృష్ణులు, ప్రహ్లాదులు తిరిగే స్టేజీ మీద యాదమ్మ! మా గల్లీలోనే ముగ్గురు యాదమ్మలున్నరు.

సురభి పేరు నేను ఎక్కడైనా గర్వంగ చెప్తుంటి. చిందోళ్ల పేరు చెప్పకపోతుంటి. ఇది ఒప్పుకోవాలె. మా అమ్మమ్మ ఊరికి ఏడాదికోసారి చిందోళ్లు వచ్చేవాళ్లు. వాళ్లు మాదిగల మీద ఆధారపడి బతికే ఆశ్రిత కులం. మన జాంబపురాణం వాళ్ల నోట్లెనే ఉన్నది. భాగవతం ఆడేది, మాదిగింట్లనే మిరాశి అడిగేది. సురభి వాళ్లలాగనే ఇంటిల్లిపాదీ ఆడతరు, ఆడ వేషం ఆడోళ్లే వేస్తరు. మా అమ్మమ్మ వాళ్లకు బియ్యం పోసేటప్పుడు చేట ఎత్తి దూరం నుంచే పోసేది. మనల్ని ఊరు దూరం పెడితే, మనం వాళ్లను దూరం పెట్టినం. నిజామాబాద్ జిల్లాల చిందు ఎల్లమ్మ మగ వేషాలు కూడా వేసి దళాన్ని నడిపిన మనిషి. ఎల్లమ్మ దేవత వేషంలో ఉంటే ఊరు ఊరంతా మొక్కేదట, రంగు కడుక్కుంటే మళ్ల అంటరానిదే. 2005లో ఆమె చనిపోయిందని పేపర్లో చదివిన. అప్పుడు నాకు పదిహేడేండ్లు. సురభి మాయలు చూడనీకి బస్సెక్కి పోయిన నేను, మనోళ్ల ఆటలో అంత పెద్ద మనిషి బతికుండంగ ఒక్కనాడు చూడలే. ఆ సిగ్గు నా వెంటనే ఉన్నది.

డిగ్రీలో నేను చంద్రమతి వేషం అడిగిన. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర కాటిసీను. క్యాసెట్లు వినుకుంట పద్యాలన్నీ నోటికి పట్టిన. ఆ కాటిసీనులో నటులు రాగం తీసి పాడే పద్యాలల్ల జాషువా ‘శ్మశానవాటిక’ పద్యాలు కూడా ఉంటయి. వన్స్‌మోర్ అని అరిచేటోళ్లల్ల ఎంతమందికి అవి ఒక దళితుడు రాసినవని తెలుసో! అదే నాటకంలో కాటి కాపరి వీరబాహును కల్లు తాగి తూలే మనిషిగ చూపించి నవ్విస్తరు. పద్యం మనది, నవ్వులపాలయ్యేదీ మనమే. సరే, నాకు చంద్రమతి రాలే. గొంతు మొరటుగ ఉన్నదన్నరు. మూడేండ్లు కాలేజీ డేకు నాకొచ్చింది ఒక్కటే వేషం, పనిమనిషి. తెర లేవంగనే చీపురు పట్టుకుని ఊడుస్తుండాలె, అమ్మగారు కేకేస్తే ‘వస్తున్నానమ్మా’ అనాలె. మూడేండ్లూ చీపురే.

ఇదంతా తెలిసిన దాన్నే, నేనేం చేసిన్నో ఇప్పుడు చెప్పాలె.

2024 ఏప్రిల్ 14కు బస్తీలో భాగ్యరెడ్డి వర్మ మీద నాటకం వేద్దామనుకున్న. మాదరి భాగయ్యగా 1888లో పుట్టిన మనిషి. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి మన వాడలల్ల సంస్కరణ మాటలు నాటిండు. దేవుని కథ విననీకి వచ్చిన జనానికి చదువు గురించి, తాగుడు గురించి, జోగిని దురాచారం గురించి చెప్పించుడంటే ఏందది? నా లెక్కల అదీ డైరెక్షనే. 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో మన పిల్లలకు బడులు తెరిచిండు. ఈ పట్నం మనోళ్ల నాటకానికి నూరేండ్లు దాటిన పునాది ఉన్నదని చెప్పాలని నా ఆశ.

మొదటి పేచీ ఇంట్లోనే. మా తమ్ముని వరుస పోరడు, దండోరాలో తిరిగినోడు, ‘‘అక్కా, ఆయన మాలాయన గద, మనమెందుకు ఆడాలె?’’ అన్నడు. వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు అప్పటికి రాలే, అది ఆగస్టు 1న వచ్చింది. పోరని కోపం నాకు అర్థమైతది, నాదీ అదే కోపం. ‘‘ఆయన తన ‘భాగ్యనగర్’ పత్రికలో రాసిన నవల పేరేందో తెల్సా? ‘వెట్టి మాదిగ’. మన వాటా మనం అడుగుదాం, ఆయన్ను మాత్రం ఇడిచిపెట్టొద్దు’’ అన్న. పోరడు ఒప్పుకోలేదు గని, డప్పు కొట్టనీకి వచ్చిండు.

అది రంజాన్ నెల. ఒంటిపూట బడులు. మధ్యాహ్నం ఎండలో రిహార్సల్. ఉర్దూ మీడియం సెక్షన్ పిల్లగాడొకడు నిజాం కాలం కొత్వాల్ వేషం. రోజా ఉండి గొంతు ఎండుకపోతున్నా డైలాగు తప్పకపోయేది, ఇఫ్తార్ టైముకు మాత్రం చెప్పకుంట ఉరికేది. బార్కాస్ నుంచి ఇద్దరు చావుష్ పిల్లలు మర్ఫా తెచ్చిన్రు. మా డప్పు, వాళ్ల మర్ఫా కలిస్తే రేకులు అదిరినయి. 1908 మూసీ వరద సీనుకు సురభి తెరలు మతికొచ్చి, నాలుగు నీలం చీరెలు కుట్టించి ఇద్దరు పిల్లలతోని ఊపించిన. ఎలక్షన్ కోడ్ ఉన్నది కాబట్టి మైకు పర్మిషన్ కోసం నాలుగుసార్లు తిరిగిన.

ఆ రోజులల్ల నా నెత్తిన ‘ఫండ్రీ’ కూసోని ఉన్నది. నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా. పట్టిన పందిని మోసుకుంట ఇంటోళ్లు పోతుంటే, వెనక బడి గోడ మీద అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయి బొమ్మలు. ఆ ఒక్క షాట్ ఫోన్లో ఎన్నిసార్లు ఆపి చూసిన్నో లెక్కలేదు. నేనూ అట్ల కొట్టాలె, దాపరికం లేకుండ చూపాలె అనుకున్న. అందుకే మొదటి సీను: తెల్లవారుజాము, పాతబస్తీ రోడ్డు, మన ఆడపిల్ల ఊడుస్తుంటది. నాలుగు నిమిషాలు మాటల్లేవు, చీపురు సప్పుడే. వెనక హరికథ మొదలైతది.

ఆ వేషం ఏడో తరగతి పిల్లకిచ్చిన. నా పిల్లలల్ల అందరికంటే బాగ చేసేది ఆమెనే. వాళ్లమ్మ కూడా రోడ్లే ఊడుస్తది. అందుకే సహజంగ వస్తదనుకున్న. ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆగుతున్నది.

‘‘టీచర్, నేను చీపురు పట్ట’’ అన్నది.

‘‘వేషమే గద బిడ్డా.’’

‘‘ఇంట్ల నిజంగనే ఊడుస్తున్న. మా అమ్మ రోడ్డు మీద నిజంగనే ఊడుస్తున్నది. ఈడ గూడ మాకేనా?’’

‘‘మరి ఎవరికియ్యాలె?’’

‘‘కిరాణం సేటు బిడ్డకియ్యుండ్రి.’’

నేను ఉపన్యాసం ఇచ్చిన. పని గొప్పతనం అన్న, మన కష్టం లోకానికి చూపాలన్న, ఫండ్రీ కథంత చెప్పిన. అన్నీ నిజాలే. ఆ పిల్ల తలకాయ వంచి విన్నది. తెల్లారి రాలే. మూడు రోజులు రాలే.

‘‘ఆ పిల్ల వస్తలేదేందే?’’ అని అమ్మ అడిగింది. మోకాళ్ల నొప్పులతోని మంచంలో కూసోని బియ్యంల రాళ్లు ఏరుతున్నది. పిల్లకు పొగరు ఎక్కువైందన్నట్టే చెప్పిన నేను.

‘‘చీపురు ఎంతసేపు పట్టాలె?’’

‘‘నాలుగు నిమిషాలు.’’

‘‘నాలుగు నిమిషాలు బస్తీ అంత చూస్తది. తెల్లారి బడికి పోతే పోరగాళ్లు దాన్ని ఏమని పిలుస్తరు?’’

నేను ఏం చెప్పాలె? నన్ను ఏమని పిలిచిన్రో అమ్మకు తెల్సు. కాలేజీలో మూడేండ్లు చీపురు పట్టించిన సార్లను ఇన్నేండ్లూ తిట్టుకుంట వచ్చిన. వాళ్లు కూడా సహజంగ వస్తదనే ఇచ్చి ఉంటరు.

ఆ పిల్లింటికి పోయిన. బిందెలు నింపుతున్నది. భాగయ్య వేషం నీకిస్త, కోటు తొడుగుకుని హరికథ కాడ నిలబడు అన్న. ‘‘వద్దు టీచర్, పరీక్షలున్నయి’’ అన్నది. పరీక్షలున్న మాట నిజమే.

సీను తీసెయ్యనీకి నాకు మనసొప్పలే. డైరెక్టరు పొగరు అది, ఒప్పుకుంట. ఎవరికీ ఇయ్యకుంట నేనే పట్టిన. ఏప్రిల్ 14 ఆదివారం రాత్రి, మూడు వందల మంది ముందు, టీచరునైన నేను కొంగు నడుముకు చుట్టి ఊడ్చిన. గొప్ప పని చేస్తున్ననుకున్న. మర్ఫా పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. ముందు వరుసలో కుర్చీ వేసి కూసోబెట్టిన మా అమ్మ, సీను సగంలో లేచి గోడ పట్టుకుంట ఇంటికి పోయింది. నేను ఊడ్చుకుంటనే చూసిన. నాటకం బాగైందని అందరూ అన్నరు. నీలం చీరెల వరద వచ్చినప్పుడు పిల్లలు కేకలు పెట్టిన్రట. నాకేం మతికి లేదు.

అమ్మ రెండు రోజులు మాట్లాడలే. మూడో రోజు అన్నం పెట్టుకుంట, ‘‘నువ్వు గూడ పట్టినవ్’’ అన్నది. అంతే. ఆ ముచ్చట మళ్ల తియ్యలే.

ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి, వేరే హైస్కూల్ల. పోయిన యేడు దసరా సెలవులల్ల మళ్ల రిహార్సల్ కాడికి వచ్చింది. వేషం అడగలే. గోడకానుకుని చూసేది. ఒకనాడు మర్ఫా ఎక్కడ ఆపాలో పిల్లలకు చెప్పింది, నాకంటే బాగ చెప్పింది. మెల్లగ పాటలు, లైట్లు తనే చూసుకునుడు మొదలుపెట్టింది. ఆమెకు పిచ్చి ‘జై భీమ్’. 2021లో వచ్చిన సూర్య సినిమా. కోర్టు సీన్లన్నీ నోటికి వచ్చు. నేను ఫండ్రీ చూడమంట, ఆమె జై భీమ్ మళ్ల చూద్దామంటది. మనోళ్లు గెలిచే సినిమా కావాలట. మనోళ్ల కేసు మనోళ్లే వాదించే సినిమా ఎప్పుడొస్తదో అని నేనంట. ‘‘నేను చదివినంక తియ్యుండ్రి’’ అంటది.

ఇప్పుడు భాగ్యరెడ్డి వర్మ నాటకం మళ్ల వేద్దామనుకుంటున్నం. మొదటి సీను సంగతి నేను ఎత్తలే, ఆమెనే ఎత్తింది. ఊడ్చుడు ఉండాలెనట. కాని కొత్వాల్ వేషమేసే పిల్లగాడు ఆ బట్టల్లోనే చీపురు పట్టి ఊడ్వాలె, మన ఆడపిల్ల కుర్చీల కూసోని అఖబార్ చదువుకుంట ఆడ ఇడిసిపెట్టినవ్, ఈడ ఇడిసిపెట్టినవ్ అని చెప్పాలెనట. పిల్లగాడు ‘‘క్యా దీదీ, మై ఐచ్ మిలా?’’ అనుకుంటనే ఒప్పుకున్నడు.

‘‘1906ల అట్ల ఉండది బిడ్డా. చరిత్ర ఒప్పుకోదు’’ అన్న.

‘‘వేషమే గద టీచర్’’ అన్నది.

నేనింకా సరే అనలే. ఆదివారం హాలు దొరికితే, ఒకసారి చేసి చూద్దామన్న. తాళంచెవి అడగనీకి ఈసారి ఆమెనే పోతనన్నది.